పూజలందుకున్న కళ్లద్దాలు

హిందూపురంలో మా ఇంటి ముందుగదే నాయన వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసేవాడు. గ్రైండర్ పట్టుకుంటే నిప్పురవ్వలు మొహమంతా చిమ్మేవి. వాటి నుంచి కాపాడుకోవడానికి ఆయనకు తెలిసిన ఉపాయం కళ్లు చికిలించడం ఒక్కటే. పట్టీ ఉన్న ప్లాస్టిక్ కళ్లద్దాలు లేకపోలేదు, మేకుకు వేలాడుతుండేవి. ఏటా ఆయుధపూజకు వాటిని దించి, రెండు అద్దాలకూ నిండుగా పసుపు, కుంకుమ పెట్టి, చామంతిపూలు చుట్టి మళ్లీ మేకుకే తగిలించేవాడు. ఆ అద్దాలకు దక్కిన మర్యాద మా ఇంట్లో మనుషులకు కూడా దక్కలేదు.

తొంభైల్లో ఒక దీపావళి సాయంత్రం నాయన చిచ్చుబుడ్డి ముట్టించాడు. అది కాస్త పొగ వదిలి ఊరుకుంది. "దూరం పోండి, కండ్లు జాగ్రత్త" అని పిల్లలందరినీ గోడ దాకా తరిమి, తాను మాత్రం దాని దగ్గరికి నడిచాడు.

"ఆ అద్దాలన్నా పెట్టుకోరాదా?" అంది అమ్మ.

"నాకు నిప్పు కొత్తనా? అద్దాలకు పూజ చేసినాము కదా, అవే చూసుకుంటాయిలే" అని వంగి ఊదాడు.

పాపం, చిచ్చుబుడ్డికి ఆయన అనుభవం సంగతి తెలియదు. భగ్గున లేచింది. నాయన ఎడమకన్ను మూసుకుని కూలబడ్డాడు. అవ్వ వెన్నముద్దతో పరిగెత్తుకొచ్చింది.

"ఏమీ పుయ్యొద్దు! నలపొద్దు!" అని అమ్మ అరిచి ఆయన చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. కంటి మీద, కంటికి తగలకుండా చిన్న స్టీలు గిన్నె బోర్లించి, తువ్వాలు వదులుగా కట్టి ఆటో ఎక్కించింది. నేనూ ఎక్కాను.

దారిలో నాయన మెల్లగా అడిగాడు. "ఈ కన్ను ఉంటాదంటావా?" ఆయన గొంతులో భయం వినడం నాకదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఆయన చేతులు ఇంకా గట్టిగా పట్టుకుంది.

నలిపి ఉంటే కన్ను దక్కేది కాదన్నాడు కంటి డాక్టరు. చూపు నిలిచింది, చిన్న మసక మిగిలింది. ఆ తరువాత షాపుకు వచ్చినవాళ్లందరికీ కంటి జాగ్రత్తల మీద నాయన ఉపన్యాసాలిచ్చాడు. గ్రైండర్ పక్కనే నిలబడి, అద్దాల్లేకుండా.

మరుసటి ఆయుధపూజకు మళ్లీ కుంకుమ భరిణె అందుకున్నాడు. అమ్మ అద్దాలు లాక్కుని, పాత పసుపంతా కొంగుతో తుడిచి, బొట్టు పట్టీకి పెట్టింది. ఆయన తలకు తానే తొడిగింది.

"కనపడతాండానా?"

"బాగా కనపడతాండావు" అన్నాడు నాయన.