ఏడ్వగూడని ఎనిమిది దినాలు

నాకు నోరు పెద్దది. డెబ్బై దాటినా తగ్గలేదు, ఇరవై రెండేండ్లప్పుడు ఎట్లుండెనో మీరే అనుకోండి. మా అత్తకూ నాకూ తెల్లారితే చాలు, మొదలు. పొయ్యి కాడ, బాయి కాడ, యాడ బడితే ఆడ. కొత్తగా చూసినోళ్లు ఈ అత్తాకోడండ్లకు పడదనుకునేవాళ్లు. పడకపోవడమేమి? మా అత్త మా నాయనకు సొంత అక్క. తల్లి పోతే రెండేండ్ల తమ్మున్ని చంకనేసుకొని ఆమే సాకిందంట. ఆ తమ్ముడు పెద్దోడై, కూతురు పుడితే, ఆ కూతుర్ని అక్క కొడుక్కే ఇచ్చినాడు. ఆ కూతుర్ని నేను. నన్ను పుట్టిన దినాన చేతుల్లోకి తీసుకున్నదాన్ని తిట్టకపోతే ఇంకెవర్ని తిట్టేది?

మా తాలూకాను బళ్లారి నుంచి తీసి కర్నూలు జిల్లాలో కలిపిన కొత్తల్లో ఆమె కండ్లకు పొర కమ్మింది. మా ఊరు ఎమ్మిగనూరుకు నాలుగు మైళ్లు. జాతరకు పోతే ఆడ సూది వేసేవాడొకడు కూర్చోనుండె. ఎడమ కంట్లో సూది పెట్టి ఏమో నెట్టినాడు. అంతే, మా అత్త నా దిక్కు తిరిగి, "నల్ల రవిక తొడుక్కుండావు కదే!" అనింది. చుట్టూ ఉన్నోళ్లంతా వానికి దండాలు పెట్టినారు. నేనూ పెట్టినాను, నా బుద్ధి కాలిపోను. వారం తిరక్కముందే కన్ను ఎర్రగా ఉబ్బె, చీము కారె, నెలకంతా ఆరిపోయె. వాడు మళ్లీ చేతికి దొరికింటే వాని కండ్లే పీకేదాన్ని.

మిగిలింది కుడి కన్ను. దానికీ పొర ముదిరింది. మనిషి వస్తే నీడ వచ్చినట్టు తెలిసేది, అంతే. మా నాయన తన ఊరు ఆస్పరి నుంచి వస్తే గొంతు విని గుర్తుపట్టి, "ఇట్ల రారా" అని మొగమంతా తడిమేది. "రెండేండ్లాయ నిన్ను సూసి," అనేది.

ఆదోనిలో ఒక సత్రంలో కండ్ల డాక్టరు వచ్చి ఆపరేషన్లు చేస్తాడని విని మా నాయనే పరిగెత్తుకొని వచ్చినాడు. ఆమె వింటేనా! "ఒక కన్ను సూదోనికిచ్చినా, ఇంకోటి కత్తోనికియ్యల్లనా? నేను రాను పో." మా నాయన ఆమె కాళ్ల కాడ కూర్చొని, "నాకోసరం సేయించుకో అక్కా. సేయిస్తానంటేనే ఈ ఇంట్లో నీళ్లు ముడ్తా," అన్నాడు. అన్నట్టే సాయంత్రం దాకా ముట్టలేదు. మా అత్త తిట్టుకుంటూనే ఒప్పుకునె.

డాక్టరు దగ్గరికి ముగ్గురం పోయినాము. మా నాయన అడిగింది ఒకటే: "వాడు సేసింది, మీరు సేసేది ఒకటే కాదా సామీ?" ఆయన విసుక్కోకుండా చెప్పినాడు. అది కంటి పైన వచ్చే పొర కాదంట. కంటి లోపల గాజుపూస మాదిరి ఒకటి ఉంటుందంట, వెలుతురు దాంట్లో నుంచే లోపలికి పోతుందంట. వయసు మీదబడితే ఆ పూస తెల్లబడిపోతుంది. చుక్కల మందుకు కరగదు, ఆకు పసరుకు కరగదు. సూదివాడు దాన్ని తీయలేదు, కంట్లోనే వెనక్కు తోసినాడు, మురికి సూదితో చీము పట్టించినాడు. "నేను బయటికి తీసేస్తాను. ఆ పూస చేసే పని తర్వాత దళసరి కండ్లద్దాలు చేస్తాయి," అన్నాడు.

ఆపరేషన్ అరగంట కూడా పట్టలేదు. అసలు కథ దాని తర్వాతే. రెండు కండ్లకూ కట్టు కట్టి, దిండు లేకుండా వెల్లకిలా పండబెట్టి, తల కదలకుండా ఆపక్క ఈపక్క ఇసుక సంచులు పెట్టినారు. ఎనిమిది దినాలు అట్లనే. దగ్గకూడదు, తుమ్మకూడదు, నమలకూడదు. "నవ్వించొద్దు, ముఖ్యంగా ఏడ్వనీయొద్దు. కుట్టు చాలా సన్నది. ఊడిందంటే ఈ కన్నూ పోతుంది, ఇంక దేవుడు కూడా తేలేడు," అని డాక్టరు నాతోనే చెప్పినాడు. మా నాయన నా తల మీద చెయ్యి పెట్టి, "జాగ్రత్తమ్మా, నీ నోరు కొంచెం కట్టుకో," అని నవ్వి బస్సెక్కినాడు.

నోరు కట్టుకుంటానా? గంజి తాగిస్తా కూడా వాదులాటే. "ఇది గంజినా, కుడితినా?" అనేది ఆమె, పెదిమలు మాత్రం కదిలిచ్చి. "పండుకొని తాగేదానికి పాయసం కావాల్నా?" అనేదాన్ని నేను. ఆమె వచ్చే నవ్వు ఆపుకుంటా, "పోయే, నా కన్ను తీసేటట్లుండావు," అనేది. నిజం చెప్తున్నా, ఆ మొదటి మూడు దినాలు నాకు సంతోషంగానే ఉండె. పొద్దంతా తమ్ముని మాటలే. వానికి చిన్నప్పుడు సజ్జరొట్టె ఎట్ల నమిలి పెట్టిందో, వాడు బడి ఎగ్గొట్టి ఎట్ల దాక్కున్నాడో.

నాలుగో దినం పొద్దెక్కినాక మా ఆయన సత్రం గేటు కాడ నిలబడి చెయ్యి ఊపినాడు. లోపలికి రాలేదు. ఎందుకు రాలేదో నాకు అర్థం కాక దగ్గరికి పోయి, "కాళ్లకు మేకులు కొట్టినారా, లోపలికి రారాదా?" అన్నాను. ఆయన నేల చూస్తా చెప్పినాడు.

"మీ నాయన పోయినాడు. రాత్రి కడుపు నొప్పనె. తెల్లారేతలికి లేడు."

ఆయనే మళ్లీ, "మాపటేలకు ఎత్తుతారు. మొగం సూసుకుంటావా? నేను అమ్మ కాడ కూసుంటా," అన్నాడు. పోదామనే ఒకడుగు వేసినాను. మా నాయన. నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఎరగని నాయన. మళ్లీ నిలబడిపోయినాను. కండ్లు కట్టుకొని పండుకున్న మనిషికి నా గొంతు తప్ప లోకం లేదు. నేను ఒక పూట కనపడకపోతే యాడికి పోయిందని అడుగుతుంది. మా ఆయన అబద్ధం చెప్పలేడు, అప్పుడే గొంతు వణుకుతాంది. ఆమెకు తెలిస్తే ఏడుస్తుంది, ఏడిస్తే కన్ను పోతుంది. ఆ కన్ను కోసమే కదా మా నాయన పొద్దంతా నీళ్లు ముట్టకుండా కూర్చున్నది!

"నువ్వు పో. నా బదులు కూడా మట్టి నువ్వే వెయ్యి," అన్నాను.

ఆయన పోయినాక కొళాయి కాడ కొంగు నోట్లో కుక్కుకొని నిలబడినాను. ఏడ్వలేదు. ఏడిస్తే గొంతు పూడుకుపోతుంది, ఆమె పట్టేస్తుంది. మొగం కడుక్కొని లోపలికి పోయినాను.

"ఎవరే వచ్చింది?"

"పాలాయన."

గంజి తాగిస్తే, "ఉప్పు సచ్చిందా ఈ ఊర్లో?" అనింది. "ఉండత్తా, తెస్తా," అని పోయి ఉప్పు కలుపుకొని వచ్చినాను. ఆమె ఆ గంజి అంతా మారు మాట్లాడకుండా తాగింది. ఆ దినం నుంచి తమ్ముని మాట ఎత్తలేదు. దేవుడు నన్ను కాచినాడనుకున్నాను. నాలుగు దినాలు ఆమె కాళ్లు ఒత్తినాను, విసిరినాను, ఊర్లో పంట సంగతులు చెప్పినాను. మా నాయన ఇల్లు, ఆయన కూర్చునే అరుగు మనసులోకొస్తే పండ్లు కరుచుకొని ఓర్చుకున్నాను.

ఎనిమిదో దినం డాక్టరు వచ్చి కట్టు విప్పినాడు. ఆమె మెల్లగా రెప్ప ఎత్తింది, నీళ్లు నిండిన కన్ను, ఎర్రగా.

"ఏం కనపడుతుంది?"

"తెల్లంగీ కనపడ్తాంది సామీ. సెయ్యి ఊపుతాండావు."

"బాగుందమ్మా! నెలన్నర పోయినాక అద్దాలిస్తాను, అప్పుడు మొగాలు కూడా స్పష్టంగా తెలుస్తాయి."

"సామీ," అనింది మా అత్త, "ఇంక ఏడ్సచ్చునా?"

పక్క మంచాల వాళ్లు నవ్వినారు. డాక్టరూ నవ్వినాడు. "కన్నొస్తే నవ్వాల గాని ఏడుస్తావా? ఇంకా పది దినాలు ఆ మాటే వద్దు."

"సరే సామీ."

ఆయన అవతలి మంచానికి పోయేదాకా ఆగి, తల కదిలించకుండా, పైకే చూస్తా అడిగింది:

"నీ మొగుడేనా మట్టి ఏసింది?"

"అత్తా... నీకెట్ల..."

"ఉప్పు లేదంటే తిట్టకుండా పోయి తెచ్చినావు. మా ఇంట్లో పీనుగ లేస్తే తప్ప నీ నోరు అట్ల పడదు. ఎవరో కాదే, మీ నాయనేనని తెలిసె, వాడొక్కడే గదా నీ నోరు కట్టించేది." గొంతు వణకకుండా ఆపుకుంటాంది, పెదిమలు మాత్రం అదురుతాన్నాయి. "నేనేడిస్తే నువ్వు ఆడికి పోకుండా కూసున్నది గంగలో కలుస్తాది. అందుకే గమ్మునున్నా."

నేను మంచం కోడు పట్టుకొని కూలబడినాను.

"నాకింకా పది దినాలు పనికిరాదంట," అనింది. చెయ్యి చాచి నా తలకోసం తడిమింది. "నీ కండ్లు బాగుండాయి గదా. నువ్వేడ్సు తల్లీ. నా వంతు గూడా నువ్వే ఏడ్సు."

నేను ఆమె చేతిలో మొగం పెట్టి, ఆ సత్రమంతా వినబడేటట్లు ఏడ్చినాను. మా అత్త మెడ కదిలించకుండా, పైకే చూస్తా, నా తల నిమురుతానే ఉండె.