దుమ్ము వెనక చూడమన్న టీచర్

నిన్న మధ్యాహ్నం మా పరిశోధనశాల మీదికి గాలిదుమారం వచ్చింది. కిటికీలు మూసేలోపే పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. ఆ రుచి తగిలితే చాలు, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండుతుంది. వరలక్ష్మి టీచర్‌ను మింగింది ఎడారి కాదని, మనుషులని, కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాలనిపిస్తుంది.

కువైట్‌లో, హవల్లీలో మా ఎదుటి ఫ్లాటులో ఆవిడ ఒంటరిగా ఉండేవారు. కోనసీమ మనిషి. మా బడిలో ఫిజిక్స్ చెప్పేవారు. మాది కడప, నాన్న అక్కడ ఎలక్ట్రీషియన్. టీచర్ చిన్న వయసులో క్వేజార్ల మీద పరిశోధన మొదలుపెట్టారట. క్వేజారంటే ఎంతో దూరపు గెలాక్సీ నడిబొడ్డున, కృష్ణబిలం చుట్టూ వాయువు సుడి తిరుగుతూ చిమ్మే విపరీతమైన వెలుగు. మన పాలపుంతలో, వెనకటి వెలుగును కప్పేసే దట్టమైన ధూళిపట్టీ ఒకటుంది. దాని వెనకున్న క్వేజార్లను వెతుకుతానని అడిగితే, ప్రొఫెసర్ వేరే అంశం చూసుకోమని కొట్టిపారేశాడట. ఆవిడ మానేసి కువైట్ వచ్చేశారు. "వెనకాల ఏం లేక కాదే. వీళ్లు చూడ్డం మానేశారు, అందుకని లేదంటున్నారు," అంటున్నప్పుడు ఆవిడ ముక్కుపుటాలు అదిరేవి.

ఇరాక్ సైన్యం వచ్చిపడేనాటికి నేను పదో తరగతికి వచ్చాను. టీచర్‌కు షుగర్, రోజూ ఇన్సులిన్ కావాలి. ఇంట్లో ఉన్నది అయిపోవస్తుంటే నాన్న, నేను ఆవిడతో ఆసుపత్రికి వెళ్లాం. సైనికులు మందుల ఫ్రిజ్‌లను లారీకెక్కిస్తున్నారు. టీచర్ లారీకి అడ్డంగా నిలబడి, "అందులో నా ప్రాణం ఉంది. దింపండి!" అని వచ్చీరాని అరబ్బీలో అరిచారు. ఒకడు నవ్వి, "ఖలాస్! యల్లా!" అని, ఇక అయిపోయింది పొమ్మంటూ తుపాకీ మడమతో పక్కకు నెట్టాడు. నాన్న ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "వీళ్లతో మనకొద్దు మేడం. రాండి, పోదాం."

ఇండియాకు బయల్దేరి, బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు ఎడారిలోని గుడారాలకు చేరాం. మిగిలిన ఒక్క సీసా మందూ ఎండకు పాడైపోయింది. ఒక మధ్యాహ్నం ఇసుక తుఫాను లేచి సూర్యుడే కనిపించలేదు. నాన్న ట్రాన్సిస్టర్‌లో మాత్రం వార్తలు వస్తూనే ఉన్నాయి. నాలుక పిడచకట్టుకుపోతున్నా టీచర్ లేచి కూర్చున్నారు.

"చూశావా? వెలుగుని ఆపింది గానీ రేడియోని ఆపలేకపోయింది. పాలపుంత ధూళీ అంతే. రేడియోతో వెతకాలి, పరారుణ కాంతితో వెతకాలి. వింటున్నావా?"

"వింటున్నా టీచర్, పడుకోండి."

"పడుకోమనకే! ముందు విను."

ఆ తర్వాత ఆవిడ మాట తడబడింది. నాన్న సహాయశిబిరం వాళ్ల దగ్గరికి పరిగెత్తాడు. ఇన్సులిన్ ఇంకా రాలేదన్నారు. అది వచ్చేసరికి ఆవిడ లేరు. పక్క గుడారం ఆయన "అంతా తలరాత" అని నిట్టూర్చాడు. ఏనాడూ గొంతెత్తని నాన్న ఆయన మీదికి పోయాడు. "యా తలరాత? లారీకేసుకోని పోతాంటే నా కండ్లతో సూసినా గదా!"

పెద్దయ్యాక నేను టీచర్ వదిలేసిన ఆ వెతుకులాటలోకే వచ్చాను. ఏళ్ల తరబడి వెతికాక, ధూళిపట్టీ వెనక రేడియోలో దొరికిన ఒక చుక్క క్వేజారేనని తేలింది. ఆ సంగతి సభలో చెప్పినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం, అక్కడ నిలబడాల్సిన మనిషి నేను కాదని కోపం ముంచుకొచ్చింది. ఆ పరిశోధన వ్యాసం చివర టీచర్ పేరు రాసి, "బతకనిచ్చి ఉంటే దీన్ని ఆవిడే కనుక్కునేవారు" అని చేర్చాను.

"శాస్త్రంలో ఇంత కోపం ఎందుకండీ? 'బతికి ఉంటే' అని మార్చండి," అన్నాడు సహోద్యోగి.

నేను మార్చలేదు.