రెండు, మూడు, ఏడు

మా బావను ఆసుపత్రిలో అందరూ పాతసరుకు అంటారు. కొత్తవాళ్లెవరూ ముట్టుకోని పాత ప్రోగ్రాములన్నీ ఆయన నెత్తిన పడతాయి కాబట్టి ఆ పేరు. ఆయన దాన్ని బిరుదులా మోస్తాడు. కుళాయి కారుతోందని మా అక్క చెబితే మాత్రం అది తన డిపార్ట్‌మెంట్ కాదంటాడు.

నేను అదే ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటర్లో కూర్చుంటాను. నా పక్క కుర్చీ పిన్నిది. ఎవరికి పిన్నో తెలియదు, అందరికీ పిన్నే. ఆమెకు చూపు లేదు. ఎవరైనా ఫోన్ చేసి రోగి పేరు చెబితే మీటలు నొక్కుతుంది. ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్‌లో పాత ప్రోగ్రాం ఒకటి గది నంబరు చదువుతుంది. అది విని పిన్ని అవతలివాళ్లకు చెబుతుంది. ఆమె తప్పు చెప్పగా నేను ఎన్నడూ వినలేదు.

ఆసుపత్రిలో కొత్త గదులు కట్టారు. వాటిని ఆ ప్రోగ్రాంలో చేర్చే పని బావకు వచ్చింది. చేర్చడం తేలికేనట. చేర్చాక ముక్కలన్నీ మళ్లీ ఒక్కటిగా అతికించాలి, ఆ అతికించేదాన్ని లింకర్ అంటారు. అది సగంలో ఆగి, మెమరీ హద్దు దాటిందంటూ చేతులెత్తేసింది. బావ కంప్యూటర్‌కి మెమరీ పెంచాడు. మళ్లీ అదే పాట. లింకర్ పాతకాలంది, దాని హద్దు దానిదే. చెరువులో ఎన్ని నీళ్లున్నా చెంబుకు పట్టినన్నే కదా!

సాయంత్రానికల్లా కావాలని సూపరింటెండెంటు కబురు మీద కబురు పెడుతున్నాడు. వెతగ్గా వెతగ్గా, ప్రోగ్రాంలో ఎక్కువ చోటు తినేది అంకెలు చదివే గొంతు రికార్డులని బావ కనిపెట్టాడు. వాటిని నలిపి నలిపి చిన్నవి చేశాడు. ఈసారి లింకర్ గుటుక్కున మింగేసింది. తెర మీద తప్పేమీ లేదని వచ్చింది. "పాతసరుకంటే ఏమనుకున్నారు?" అంటూ మీసం దువ్వుకుని ఇంటికొచ్చాడు.

మర్నాటి నుంచే పిన్ని తడబడటం మొదలుపెట్టింది. రెండుకు మూడని, మూడుకు ఏడని చెబుతోంది. ఒకమ్మాయి తండ్రిని చూడాలని ఏడో గదికి పరిగెత్తింది. అక్కడ ఖాళీ మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. ఆ పిల్ల అక్కడే కూలబడి ఏడ్చిన ఏడుపు మా కౌంటర్ దాకా వినిపించింది. తండ్రి మూడో గదిలో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

సూపరింటెండెంటు దిగివచ్చాడు. వచ్చే నెల నుంచి పిన్నిని దుప్పట్లు మడతపెట్టే గదికి మారుస్తానన్నాడు. ఆమె "మనుషుల మాటలు బానే వినపడుతున్నాయయ్యా, అంకెలే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. చెవులు మొద్దుబారాయేమో" అని, ఆ సాయంత్రమే చెవిలో చుక్కల మందు వేయించుకుంది.

నాకు అనుమానం వచ్చి బావను లాక్కొచ్చాను. పిన్ని టీకి వెళ్లినప్పుడు ఆయన ఆ ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. నలిపిన నలుపుకి మాటల మొదళ్లు అరిగిపోయాయి. రెండు, మూడు, ఏడు, మూడింటికీ మిగిలింది చివరి 'డు' ఒక్కటే. బావ ఇయర్‌ఫోన్ తీసి మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"పిన్నికి చెప్పు బావా."

"ముందు బాగుచేయనీరా" అని తలుపేసుకున్నాడు.

అప్పుడు చదివాడు లింకర్ పుస్తకం. చదివిందంతా బుర్రలో పెట్టుకోకు, అవసరమైనప్పుడు మళ్లీ చదువుకో అని లింకర్‌తో చెప్పే మాట ఒకటి అందులో ఉంది. అది చేర్చగానే, నిదానంగానే అయినా, అసలు రికార్డులతో ప్రోగ్రాం అతుక్కుంది. ఆ ఒక్క మాట ముందే చదివి ఉంటే సరిపోయేది! ఆ రాత్రి మా అక్క ఏమైందని అడిగితే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే చడీచప్పుడు లేకుండా ప్రోగ్రాం మార్చేశాడు. పిన్ని ఇయర్‌ఫోన్ పెట్టుకుని నాలుగు ఫోన్లు చూసి, "చుక్కల మందు పనిచేసిందర్రా!" అని కేకేసింది. బావ అక్కడే ఉన్నాడు. నవ్వబోయాడు, రాలేదు. ఎవరికీ తెలియకుండా గట్టెక్కే దారి కళ్లముందే ఉంది. సూపరింటెండెంటు వచ్చి, "ఇవాళ వినపడింది, రేపో? మడతల గదే మంచిది" అన్నాడు. పిన్ని తలూపింది.

బావ అప్పటికి గుమ్మం దాటాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. వరసలో నిలబడ్డ జనం అందరి ముందూ, "సార్, ఆవిడ చెవులకేం కాలేదు. అంకెలు చదివే గొంతును పాడుచేసింది నేను" అని జరిగిందంతా చెప్పాడు. సూపరింటెండెంటు ఆయన్ని అక్కడే దులిపేశాడు. పోతూ పోతూ, పిన్ని కుర్చీ పిన్నిదేనన్నాడు.

పిన్ని ఆయన మాట వినిపించిన వైపు తిరిగి అడిగింది. "మార్చాక ఒక్కసారైనా విన్నావా నాయనా?"

"లేదు పిన్నీ. తెర మీద తప్పు లేదని వచ్చింది, చాలనుకున్నా."

"ఇన్నాళ్లూ నా చెవుల్నే తిట్టుకున్నాను" అంటూ చేత్తో తడుముకుని ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. ఇయర్‌ఫోన్ తీసి తనే ఆయన చెవిలో పెట్టి, ఒక మీట నొక్కింది.

"ఎంతంది?"

బావ నేల చూస్తూ "మూడు" అన్నాడు. గొంతు పూడుకుపోయి, పక్కనే ఉన్న నాకు 'డు' ఒక్కటే వినిపించింది.