బోనాల నాడు పొయ్యని తుత్తం

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. వాటితో రాసిన మొదటి అబద్ధం బ్యాక్టీరియా గురించి.

పద్మారావు నగర్‌లో ఒక ల్యాబులో గాజు సామాను కడిగే పని నాది. అక్కడ పరిశోధన చేసే గుంటూరు అమ్మాయి మూడు నెలలుగా ఒక గొట్టంలో బ్యాక్టీరియాను పెంచుతోంది. రోజూ వాటిని కొత్త మేతనీళ్లలోకి మార్చి, మైలుతుత్తం కొద్దికొద్దిగా పెంచుతుంది. తుత్తంలోని రాగి వాటికి విషం. అది తగలగానే పసిగట్టి, లోపలికొచ్చిన రాగిని బయటికి తోడే పంపులు కట్టుకుంటాయట. తగలకపోతే పంపులు ఆపేస్తాయట. ఫ్రీజర్‌లో దాచినవి కరెంటు పోయి చెడిపోయాయి. మిగిలింది ఆ ఒక్క గొట్టమే.

బోనాల ఆదివారం ఆమె ఊరెళ్తూ ఆ పని నాకు అప్పజెప్పింది. పొద్దున్నే కాళ్లకు పసుపు రాసుకుని వెళ్లాను. వాటిని కొత్త మేతనీళ్లలోకి మార్చాను. తుత్తం దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదు. అమ్మవారికి బోనం ఎత్తే పూట ప్రాణమున్నదానికి విషం పోస్తామా? పొయ్యలేదు. పుస్తకంలో మాత్రం పోసినట్టే రాశాను.

సోమవారం పెద్ద మోతాదు పరీక్ష. ఆమె వచ్చి పుస్తకం చూసింది.

"చక్కగా రాశారు ఆంటీ. మా పురుగులక్కూడా బోనం పెట్టారా?" అని నవ్వి, నీలంగా చిక్కటి తుత్తం కలిపింది. గొట్టం అందులోకి వంచబోయింది.

చెబితే నా కాంట్రాక్టు పోవచ్చు. చెప్పకపోతే, పంపులు ఆపేసిన ఆ పురుగులు చచ్చి ఆమె మూడు నెలల కష్టం పోతుంది. ఎందుకు పోయిందో కూడా ఆమెకు తెలియదు.

"ఆగు బిడ్డా. నిన్న తుత్తం పొయ్యలే."

"పుస్తకంలో ఉంది కదండీ."

"అబద్ధం రాసిన. పండుగ పూట విషం పొయ్యనీకి మనసొప్పలే."

గొట్టం మెల్లగా నిలబెట్టింది. "వాటి మీద జాలిపడ్డారు. నామీద పడలేదు."

"పడలే. తప్పు నాదే."

వాటిని కొత్త మేతనీళ్లలోకి మార్చి, పంపులు మళ్లీ కట్టుకునేలా మొదటి వారం వేసినంత చిన్న చుక్క తుత్తం వేసింది. మధ్యాహ్నం ఇంకొంచెం. నీళ్లు మసకబారితే బతికినట్టు, తేటగా ఉంటే చచ్చినట్టు. నేను మల్కాజ్‌గిరి బస్సెక్కేదాకా తేటగానే ఉన్నాయి.

మర్నాడు ఆమె గొట్టం వెనక పుస్తకం పెట్టి చూసింది. నా రాత కనబడలేదు. అంత మసక.

"ఇప్పుడు అది కొట్టేసి, నిజం రాయండి" అంది.

రాశాను. ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. పండుగలప్పుడు మాత్రం ఆ గది తాళంచెవి నాకియ్యదు. నేనూ అడగను.