ఆంధ్రులకు నీళ్లు ఎట్లా పోయాలి?

ఇవాళ ఎల్లారెడ్డి ఊళ్లో జరిగిన సభలో వక్త బల్ల గుద్ది చెప్పాడు: ఉర్దూ నడిచే సర్కారు కచేరీల్లో మనల్ని తెలంగీలని ఈసడిస్తే తల వంచొద్దు, ఎవరడిగినా ఆంధ్రులమని చెప్పండి, అది పురాణాల నాటి పేరు. నేనూ నా స్నేహితుడు యోసేపూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాం. మాది పట్టాదారుల ఇల్లు, యోసేపుది మాలవాడలోని క్రైస్తవ కుటుంబం.

తిరిగొస్తుంటే దాహం వేసి, మహమ్మద్‌నగర్ దగ్గర ఒక ఇంటి ముందు ఆగాం. అరుగు మీద కూర్చున్న అవ్వ అడిగింది.

"ఎవలు బిడ్డా మీరు?"

"ఆంధ్రులం అవ్వా," అన్నాను ఛాతీ విరుచుకుని.

అవ్వ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "గా కులం నేనెన్నడు ఇనలే. చెంబు ఇయ్యాల్నా, దోసిట్ల పొయ్యాల్నా?"

యోసేపు అలవాటు కొద్దీ అప్పటికే దోసిలి పట్టాడు. నేనూ వాడి పక్కన వంగి దోసిలి పట్టాను. "ఇద్దరికి గిట్లనే పొయ్యి అవ్వా."

ఘనకార్యం చేశాననుకుంటూ నడుస్తుంటే యోసేపు అన్నాడు: "ఇద్దరికి చెంబే అడగరాదా?"

నిజమే. వచ్చే సభకు వెళ్తూ మళ్లీ అదే ఇంటి ముందు ఆగుతాం. ఆంధ్రులమనే చెప్తాం, చెంబే అడుగుతాం. మాతో ఎవరెవరు వస్తారు?