నాలుగింటి రీడింగు

కువైట్‌లోని దజీజ్‌లో ఒక కోల్డ్ స్టోరేజికి నన్ను చీఫ్ స్టోర్‌కీపరుగా వేసింది పన్నెండేళ్ల కిందట, ఎండలు మండే జూన్ నెలలో. రెండు గంటలకోసారి ప్రతి గది ముందూ నిలబడి ఉష్ణోగ్రత చూసి, లాగ్ షీటులో రాసి సంతకం చేయాలి. కోడిమాంసం గది మైనస్ పద్దెనిమిదిలో ఉండాలి. డ్యూటీ దిగేవాడి ఆఖరి రీడింగే ఎక్కేవాడికి ప్రమాణం. ఆ తర్వాత ఏం జరిగినా పూచీ ఎక్కినవాడిదే.

నా డ్యూటీ నాలుగింటికి దిగుతుంది. మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు అంతకు కాస్త ముందు. మసీదులో మొదటి వరుసలో నిలబడాలని నాకు మహా పట్టుదల. అందుకని నాలుగింటి రీడింగును మూడుంబావుకే రాసేసి, అటునుంచి అటే వెళ్లిపోయేవాణ్ని. తప్పని తోచలేదు. వెళ్తున్నది సినిమాకు కాదు కదా.

ఒకరోజు సాయంత్రం ఆరింటికి కోడిమాంసం గది మైనస్ ఐదుకు వచ్చేసింది. సరుకంతా పారేయాల్సి వచ్చింది. ఆ రోజు చివరి లోడు దించింది మూడున్నరకు. తలుపు సరిగా పడనిది అప్పుడేనని నాకు అర్థమైంది. షీటు మాత్రం నాలుగింటికి అంతా బాగుందంటోంది. నేరం నాలుగింటికి డ్యూటీ ఎక్కిన ఏసుబాబు మీద పడింది. అమలాపురం మనిషి, మంగఫ్‌లో పనివాళ్ల క్యాంపులో ఉండేవాడు. మరునాడు కువైటీ మేనేజరు మా ఇద్దరినీ పిలిచి, ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్టు, రద్దు చేసి ఏసుబాబును ఇండియాకు పంపేస్తానన్నాడు. నా రీడింగు మీద అనుమానముందేమో ఏసుబాబును అడగమని నాకే చెప్పాడు. అతనికి అరబ్బీ రాదు, నాకు వచ్చు.

"కరీం భాయ్ ఐదు పూటలా నమాజు చేసే మనిషండి. ఆయన చూడకుండా రాయరండి. నేనే ఎక్కడో తప్పు చేసుంటాను," అన్నాడు ఏసుబాబు.

ఆ మాట అరబ్బీలో చెప్పాల్సింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి దాన్ని వదిలేసి, నేను చేసింది చెప్పాను.

మేనేజరు కేకలు వేయలేదు. పనివేళ కూడా అమానతే, నమ్మి అప్పగించిన సొత్తే, దాన్ని దొంగిలించి నమాజుకు పట్టుకెళ్లావా అన్నాడు. నన్ను మామూలు కీపరుగా దించారు. ఏసుబాబు ఉద్యోగం నిలిచింది. వారం రోజులు నాతో మాట్లాడలేదతను. ఎనిమిదో రోజు డ్యూటీ ఎక్కుతూ, "పదండి భాయ్, కలిసి చూద్దాం," అన్నాడు. నేను రిటైరయ్యేదాకా అలాగే చూశాం. అతనికి నేను రుణపడి ఉన్నాను. నా నమాజు మీద నాకన్నా అతనికే ఎక్కువ గౌరవం ఉండింది.

నాలుగు దాటాక కూడా అసర్ నమాజుకు వేళ ఉంటుంది. నాలుగింటి రీడింగుకు ఉండదు. ఇంత చిన్న సంగతి నాకు తెలిసొచ్చేలోగా ఇంకొకరి కూడు పోబోయింది.