నువ్వు కాకపోతే ఎవరు

మా అమ్మాయికి స్కూల్లో హిస్టరీ అసైన్‌మెంట్ ఇచ్చారు. మూడు వందల ఏళ్ళ కిందట అమెరికాలో ప్యూరిటన్లు అనే కఠినమైన క్రైస్తవుల ఊళ్ళలో కొందరి మీద, ఎక్కువగా ఆడవాళ్ళ మీద, చేతబడి నేరం మోపి విచారణలు జరిపారట. దాన్ని క్లాసులో ఆడి చూపించాలి. మా అమ్మాయి న్యాయాధికారి. ప్రాక్టీసుకి ముద్దాయి కావాలని నన్ను సోఫాలో కూర్చోబెట్టింది.

శనివారం మధ్యాహ్నం. ఉదయం షిఫ్టు ముగించుకుని, సిడ్నీ శివార్లలోని మా రౌస్ హిల్‌లో మెట్రో దిగి అప్పుడే ఇంటికి వచ్చాను. బూట్లు కూడా విప్పలేదు.

"సిట్ ప్రాపర్లీ, మమ్. యూ ఆర్ స్కేర్డ్," అంది.

"భయపడే ఓపిక కూడా లేదే నాకు. అడిగేదేదో తొందరగా అడుగు."

కాగితం చూసి చదవడం మొదలుపెట్టింది. పక్కింటి పిల్ల మూర్ఛపోయింది, ఎందుకు చేశావు ఆ పని? చేశావా అని కాదు, ఎందుకు చేశావని. నేను చేయలేదన్నాను. నువ్వు కాకపోతే ఎవరు, అంది తల ఎత్తకుండానే.

ఆ మాట ఆ మంగళవారమే ఇంకొకరి నోట విన్నాను.

నేను వృద్ధులను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తాను. మధ్యాహ్నం టీ బండి తోసుకుంటూ గదిగదికీ తిరగాలి. మింగడం కష్టమైనవాళ్ళకు పొడి కలిపి చిక్కగా చేసిన టీ ఇస్తాం, ఆ కప్పులకు నీలం మూతలు ఉంటాయి. మామూలు టీకి తెల్ల మూతలు. ఆ రోజు బండి దగ్గర నేనూ, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ముస్లిం ఆంటీ ఉన్నాం. చివరి గదిలో పెద్దాయనకు నీలం మూత కప్పు ఇవ్వాల్సింది, ఎవరో తెల్ల మూతది ఇచ్చారు. పొలమారి, ఊపిరాడక, అంబులెన్సులో ఆసుపత్రికి వెళ్ళాడు. బతికాడు, అది వేరే సంగతి. రిపోర్టులో మాత్రం ఒక పేరు ఉండాలి.

ఎవరో ఏమిటి, నేనే. వరసగా రెండో షిఫ్టు చేస్తున్నాను, మూత రంగు చూసుకోలేదు.

మేనేజరు ఎంత మంచిగా మాట్లాడిందో! ఇప్పటికీ నాకు అదే కడుపుమంట. గట్టిగా అరిచి ఉంటే నిజం కక్కేసేదాన్నేమో. మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపి, నీకేమీ ఇబ్బంది రాదు, జరిగింది తెలిస్తే చాలు అంది. ఆ కప్పు నువ్విచ్చావా అని అడిగింది. లేదన్నాను. నువ్వు కాకపోతే ఎవరు, అంది కలం పట్టుకుని.

"ఆంటీ అటువైపు ఉందనుకుంటా," అన్నాను.

ఇచ్చింది ఆంటీయే అనలేదు. అనక్కర్లేదు కూడా. ఆ హోమ్‌లో ఎవరి కళ్ళజోడు కనపడకపోయినా ముందు ఆంటీనే అడిగేవారు. తల మీద స్కార్ఫ్, తడబడే ఇంగ్లీషు, ఎదురు చెప్పని స్వభావం. వాళ్ళకు సరిపోయింది. మొత్తం కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. ఆంటీని ఉద్యోగంలోంచి తీసేశామని ఎవరూ అనలేదు, ఫోన్లో రోస్టర్ తెరిచి చూస్తే ఆమె షిఫ్టులు లేవంతే.

"మమ్! ఆన్సర్ మీ!"

"నాకు తెలీదు."

పెన్ను బల్ల మీద పడేసింది. ఆట నాకు అర్థం కాలేదని విసుక్కుంటూ ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. తప్పు ఒప్పుకుని ఇంకొకరి పేరు చెప్పినవాళ్ళు బతికిపోయేవారట, కాదు కాదన్నవాళ్ళను ఉరి తీసేవారట.

"జస్ట్ పిక్ సమ్‌వన్, మమ్."

"చెప్పను."

"దెన్ యూ డై."

"చస్తాలే."

మనుషులు ఎలా లొంగిపోతారో చూపించమంది టీచర్, నువ్వంతా పాడుచేశావ్ అని గొణుక్కుంటూ లోపలికి పోయింది. ఆటలో ఎంత ధైర్యమో నాకు! సోఫాలో కూర్చుని, బూట్లతో సహా ఉరికంబం ఎక్కేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

పెరట్లోకి వెళ్ళి ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, మొన్నటి ఆ కప్పు..."

"తెల్సు బేటా. నువ్వు తీస్కపోతుంటే చూసిన. తెల్లమూత ఉన్నదని పిలుద్దామనుకునేలోపట్నే గదిలకు పోయినవ్."

"మరి వాళ్ళు అడిగినప్పుడు?"

"అడిగిన్రు. తెల్వదన్న. నువ్వు కాకుంటే ఎవరు, నువ్వు కాకుంటే ఎవరని ఒకటే అడుగుడు. నా నోటితోని మనిషిని ఎట్ల పట్టిస్త? పోనీ తియ్, మోకాళ్ళు గూడ నొస్తున్నయ్. తిన్నవా నువ్వు?"

తిన్నానన్నాను. అదీ అబద్ధమే. ఆమె పేరు చెప్పింది నేనేనని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

సోమవారం షిఫ్టు అవగానే మేనేజరు గదికి వెళ్ళాను. కూర్చోమనకముందే, ఆ కప్పు ఇచ్చింది నేనని చెప్పేశాను. ఆమె చేతిలోని కలానికి మూత పెట్టింది. స్నేహితురాలి కోసం ఇలా అంటున్నావు, నీ మనసు నాకు అర్థమవుతోంది అంది. రిపోర్టు పంపేశారట, పెద్దాయన ఇంటివాళ్ళు కూడా సర్దుకున్నారట, మళ్ళీ తిరగదోడితే అందరికీ తలనొప్పేనట. నేనే ఇచ్చానండీ అని మళ్ళీ అన్నాను. బాగా అలిసిపోయావు, ఇంటికెళ్ళి పడుకో అంది.

ఆమె చెప్పినట్టే ఇంటికెళ్ళి పడుకున్నాను. లేచేసరికి ఫోన్లో మెసేజ్ ఉంది. గురువారం మధ్యాహ్నం షిఫ్టు ఖాళీగా ఉంది, చేస్తారా అని. అది ఆంటీ షిఫ్టు. ఈసారి నన్ను ఏ గదిలోనూ కూర్చోబెట్టలేదు, ఎవరూ కలం పట్టుకోలేదు.

సరే అని నొక్కాను.